తునకను జూచి చెప్పు తీర్పు



అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కఱలేదు, ఒక్క మెతుకు చాలునని మన యిండ్లలో వంట చేయువారందఱు నెఱుగుదురు. ఈ కొలత చలనచిత్రమునకు పనికివచ్చునా? ఇంకను విడుదల కాని చిత్రమునుండి రెండు నిమిషముల తునక చూపుటయు, చూచినవారు దానినిబట్టి మొత్తము చిత్రమునకు తీర్పు చెప్పుటయు నేడు లోకమంతట నడచుచున్నవి. ఆ తునకకే ట్రైలరని పేరు. మీ మనుమలు చేతిలోని ఫోనులో దానిని జూచి కేకలు వేయుటయు, ఒకరితో నొకరు వాదులాడుటయు మీరు చూచియే యుందురు. ఇది పనిలేని పిల్లల గోల యని తోచవచ్చును. కాని ఈ గోలవలన కోట్ల ధనము పోసి తీసిన చిత్రములు నెలల తరబడి నిలిచిపోయినవి. తీసిన బొమ్మలు చెఱిపి తిరిగి గీయవలసి వచ్చినది. ఏ తప్పు నెఱుగని నటులు నిందల పాలైరి. కావున దీని చరిత్ర కొంత తెలిసికొనుట మంచిది.

ట్రైలరు అను ఆంగ్లపదమునకు వెనుక నీడ్వబడి వచ్చునది యని యర్థము. ముందుగా వచ్చు ప్రకటనకు ఈ పేరేల? మొదటి దినములలో దీనిని చిత్రము ముగిసిన పిమ్మట చూపెడివారు. అందుచేత ఆ పేరు కలిగినది. 1913వ సంవత్సరమున అమెరికాలో మార్కస్ లోయీ యను శాలల యజమానియొద్ద ప్రకటనల పని చూచుచుండిన నిల్స్ గ్రాన్‌లండ్ అనునతడు, న్యూయార్కు రంగస్థలముపైకి రానున్న యొక సంగీతనాటకపు అభ్యాసములను చిన్న చిత్రముగా కూర్చి తెఱపై చూపెను. ఆ యేడాది చివరనే కాత్‌లిన్ అను వనితయొక్క సాహసములను గూర్చిన చిత్రమాలిక బయలుదేఱినది. అందు కథానాయికను ఆపదలో విడిచి, తరువాత ఏమి జరుగునో చూడ రండని ప్రేక్షకులను పిలిచెడివారు. 1919లో నేషనల్ స్క్రీన్ సర్వీసు అను సంస్థ యేర్పడి, ట్రైలర్లను తయారుచేసి శాలలకు పంపుటయే వృత్తిగా చేపట్టెను. చిత్రము ముగియగనే లేచిపోవువారికి ప్రకటన చూపి ఫలమేమి? కాలక్రమమున దానిని ముందునకు జరిపిరి. పేరు మాత్రము వెనుకటిదే నిలిచిపోయెను.

ముందుమాట చెప్పు ఆచారము మనకును క్రొత్త కాదు. సంస్కృతనాటకములలో సూత్రధారుడు ప్రస్తావనయందు కవిపేరును నాటకము పేరును సభవారికి తెలుపును. పల్లెలకు టూరింగు టాకీలు వచ్చిన కాలమున ఎడ్లబండికి రంగుబొమ్మల అట్టలు కట్టి, డప్పు వాయించుచు, కరపత్రములు పంచెడివారు. వీనికిని నేటి ట్రైలరునకును ఒక భేదము కలదు. సూత్రధారుని మాట విన్నవాడు నాటకమును మార్పుమని యడుగజాలడు. బండి వెంట పరుగెత్తిన బాలుని యభిప్రాయము చిత్రము తీసినవాని చెవికి సోకదు. నేటి ప్రేక్షకుని మాట గడియలో చేరుచున్నది. చేరుటయే కాదు, చేసిన పనిని చెడగొట్టి తిరిగి చేయించుచున్నది.

చూడకమునుపే తీర్పు చెప్పుట మాత్రము చాల పాతది. వాల్ట్ డిస్నీ స్నో వైట్ కథను నిడివిగల కార్టూను చిత్రముగా తీయుచుండగా, అంతసేపు కదలెడు బొమ్మలను ఎవరు చూతురని హాలీవుడ్‌లోనివారే నవ్వి, దానికి డిస్నీ వెఱ్ఱి యని పేరు పెట్టిరి. 1937 డిసెంబరులో ఆ చిత్రము వెలువడి, నవ్వినవారి నోళ్లు మూయించెను.

అద్భుతశక్తులు గల వీరుల కథల విషయమున జనుల పట్టుదల మఱింత గట్టిది. 1938లో సూపర్‌మ్యాన్, 1939లో బ్యాట్‌మ్యాన్ అను పాత్రలు అమెరికాలోని బొమ్మలపుస్తకములయందు పుట్టినవి. వీనిని చిన్ననాటినుండి చదివినవారు ఆ వీరులను తమ యింటివారినిగా భావింతురు. బ్యాట్‌మ్యాన్ అనువాడు గబ్బిలపు వేషము ధరించి, రాత్రులందు దుర్మార్గులను పట్టు ధనికుడు. 1966లో మొదలైన టెలివిజన్ కథామాలిక యతనిని నవ్వులాటకు తెచ్చినది. 1988లో వార్నర్ బ్రదర్స్ సంస్థ బ్యాట్‌మ్యాన్‌ను పెద్ద చిత్రముగా తీయబూని, అంతవఱకు హాస్యపాత్రలకు పేరుపొందిన మైకేల్ కీటన్‌ను నాయకునిగా ఎన్నుకొనగానే అభిమానులు భగ్గుమనిరి. సుమారు 50 వేల ఉత్తరములు ఆ సంస్థకు చేరినవని పత్రికలు వ్రాసినవి. నిర్మాతలు కలవరపడి, చిత్రీకరణము ముగియకమునుపే దొరికిన దృశ్యములతో ఒక ట్రైలరును త్వరత్వరగా కూర్చి శాలలలో చూపిరి. చీఁకటి కమ్మిన నగరమును, నల్లని కవచము తొడిగిన గంభీరుడైన వీరుని చూచినవారి కోపము చల్లారెను. ఆ తునకను చూచుటకే టికెట్టు కొని, అసలు చిత్రము మొదలు కాగానే లేచిపోయినవారును కలరు. 1989 జూన్ 23వ తేదీన చిత్రము విడుదలయై ప్రపంచమంతట సుమారు 41 కోట్ల డాలర్లు ఆర్జించెను. పేరు విని నిందించినవారే పని చూచి మెచ్చుకొనిరి. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ దినములలో ఉత్తరము వ్రాయుటకు కాగితము, తపాలాబిళ్ళ, కొంత తీరిక కావలెను. ఇంటర్‌నెట్టు వచ్చిన పిదప ఈ మూడింటి యవసరమును తీరిపోయినది. 2014 జులైలో డెడ్‌పూల్ అను వీరుని గూర్చి పరీక్షకై తీసి మూలబడవేసిన చిన్న తునక యొకటి ఎట్లో బయటికి పొక్కెను. దానిని జూచి జనులు పొంగిపోగా, అంతవఱకు తటపటాయించిన సంస్థ కొలది వారములలో చిత్రమును తీయ నిశ్చయించెను. 2016లో అది విడుదలయై ఘనవిజయము పొందినది. 2021 ఆగస్టులో స్పైడర్‌మ్యాన్ చిత్రపు ట్రైలరు వెలువడినపుడు, ఒక్క దినములో 35 కోట్లకు పైబడి వీక్షణములు కలిగినవని సంస్థవారు ప్రకటించిరి. తపాలా వచ్చిన 50 వేల ఉత్తరములకును ఈ లెక్కకును ఎంత దూరమో చూడుడు.

జనుల మాట చిత్రమును మార్చినదనుటకు 2019 నాటి సోనిక్ కథయే ముఖ్యమైన నిదర్శనము. సోనిక్ అనునది జపానుకు చెందిన సేగా సంస్థ 1991లో వీడియో ఆటకై కల్పించిన పాత్ర. హెడ్జ్‌హాగ్ అనెడి చిన్న ముళ్ళజంతువు దానికి మూలము. అది మన ఏదుపందికన్న మిక్కిలి చిన్నది. సోనిక్ నీలివర్ణము గలిగి, మెఱుపువలె పరుగెత్తును. పారమౌంట్ సంస్థ దీనిని చిత్రముగా తీసి, 2019 ఏప్రిల్ 30వ తేదీన ట్రైలరు వదలినది. అందలి సోనిక్‌కు మనుష్యులకు వలె పండ్లు, చిన్న కన్నులు, సన్నని కాళ్లు నుండెను. పిల్లలకు ప్రీతి గొలుపవలసిన బొమ్మ భయము పుట్టించుచున్నదని నలుదెసల గగ్గోలు పుట్టెను. రెండు దినములకే దర్శకుడు జెఫ్ ఫౌలర్, మీ మాట వింటిమి, రూపమును మార్చెదమని బహిరంగముగా మాట యిచ్చెను. నవంబరు 8వ తేదీకి నిర్ణయించిన విడుదల మూడు నెలలకు పైగా వాయిదా పడెను. సోనిక్ బొమ్మలపుస్తకములు గీసి చేయి తిరిగిన టైసన్ హెస్ అను చిత్రకారుని నాయకత్వమున రూపము తిరిగి దిద్దబడెను. క్రొత్త ట్రైలరు నవంబరు 12వ తేదీన రాగా, తిట్టినవారే పొగడిరి. 2020 ఫిబ్రవరి 14వ తేదీన విడుదలయైన ఆ చిత్రము సుమారు 32 కోట్ల డాలర్లు ఆర్జించినది. పిమ్మట 2022లోను 2024లోను దానికి కొనసాగింపులు వచ్చినవి.

ఇక్కడ జనులు చెప్పినది న్యాయమే. ఆ పాత్రను దాదాపు ముప్పది యేండ్లుగా ఎఱిగినవారు, కన్నులార చూచినదానిలోని దోషమును చెప్పిరి. ఆ దోషము దిద్దదగినది. కాని దిద్దుట యన నేమి? చలనచిత్రమున క్షణమునకు 24 బొమ్మలు నడచును, నిమిషమునకు 1440. కంప్యూటరులో మలచిన పాత్రయొక్క కన్ను పెరిగినను, కాలు పొట్టియైనను, అది కనబడు దృశ్యములన్నిటిలోను చూపు, నడక, నీడ, వెలుతురు తిరిగి సరిచూడవలెను. ఆ పని చేసినవారు దర్శకులు కారు, నటులు కారు. బల్లలముందు కూర్చుండి పనిచేయు నైపుణ్యము గల కార్మికులు. ఆ చిత్రమునకు పనిచేసిన మూవింగ్ పిక్చర్ కంపెనీకి కెనడా దేశములోని వాంకూవర్ నగరమున నొక కార్యశాల యుండెను. క్రొత్త సోనిక్‌ను జనులు మెచ్చుకొన్న మఱుసటి నెలలో, అనగా 2019 డిసెంబరులో, చిత్రము విడుదల కాకమునుపే ఆ కార్యశాల మూతపడెను. మార్కెట్టు ఒత్తిడులే కారణమని యజమానులు చెప్పిరి. రూపము మార్చుటవలననే మూతపడెనని యనుట న్యాయము కాదు. కాని ఒకటి నిజము. జనులు తమ గెలుపునకు పండుగ చేసికొనిరి. ఆ గెలుపును చేతులతో చేసి యిచ్చినవారి పేరు తలచినవారు కొందఱే.

జనుల మాట అన్యాయమైన సందర్భమొకటి చెప్పెదను. డిస్నీ సంస్థ 1989లో తీసిన మత్స్యకన్య కార్టూనును నటులతో తిరిగి తీసి, 2022 సెప్టెంబరులో దాని తొలి తునకను చూపెను. నల్లజాతి యువతియైన హాలీ బెయిలీ అందు నాయిక. ఆమె పాట వినకయే, నటన చూడకయే, మేని రంగును బట్టి వేలకొలది జనులు దూషించిరి. ఆ దినములలోనే నల్లజాతి పసిబాలికలు తెఱపై ఆమెను జూచి, ఈమె నావలెనే యున్నదని సంబరపడుటను తలిదండ్రులు ఫోనులతో తీసి లోకమునకు చూపిరి. తునక యొకటే. అందు ఒకరు ద్వేషమును వెదకికొనిరి. ఒకరు తమ ముఖమును కనుగొనిరి.

మన తెలుగువారికి సంబంధించిన యుదాహరణము లేకపోలేదు. ప్రభాస్ నాయకుడుగా హిందీ తెలుగు భాషలలో తీయబడిన ఆదిపురుష్ చిత్రపు తొలి తునకను 2022 అక్టోబరు 2వ తేదీన అయోధ్యలో విడుదల చేసిరి. బొమ్మల పనితనము కార్టూనువలె నున్నదనియు, రావణుని వేషము రావణునిది కాదనియు విమర్శలు చెలరేగెను. ఎన్.టి. రామారావు, ఎస్.వి. రంగారావుగార్ల రావణపాత్రలను చూచి పెరిగిన కన్నులకు ఆ వేషము మింగుడుపడకపోవుటలో వింత లేదు. 2023 జనవరిలో రావలసిన చిత్రము జూన్ 16వ తేదీకి వాయిదా పడెను. వచ్చిన పిదప సంభాషణల విషయమై మఱియొక రగడ పుట్టి, వానిని కూడ మార్పవలసి వచ్చెను. తునకలో కనబడిన దోషమును దిద్దుటకు గడువు దొరకెను. తునకలో కనబడని దోషము చిత్రముతోనే వచ్చెను. అదే 2022 నవంబరులో స్వల్పధనముతో తీసిన హనుమాన్ అను తెలుగు చిత్రపు తునక వచ్చినపుడు, జనులు రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చిన్నదానిని మెచ్చుకొనిరి. 2024 జనవరి 12వ తేదీన విడుదలయైన ఆ చిత్రము నిజముగనే విజయము పొందినది.

ఇప్పుడు మెతుకు మాటకు వత్తము. కుండలో చేయి పెట్టి మెతుకు తీయువారు మనము. అందుచేత ఆ పరీక్ష చెల్లును. ట్రైలరులోని మెతుకును ఏరి చేతిలో పెట్టువాడు అమ్మకపువాడు. 2016లో సూయిసైడ్ స్క్వాడ్ అను చిత్రపు ట్రైలరును జనులు ఎంతగా మెచ్చిరనగా, దానిని కూర్చిన సంస్థచేతనే చిత్రపు కూర్పు నొకదానిని చేయించిరని పత్రికలు వ్రాసినవి. ఆ యేటి ఆగస్టులో చిత్రము రాగా విమర్శకులు దానిని తూలనాడిరి. రెండు నిమిషముల వేగము రెండు గంటల కథను మోయలేదు.

కావున ట్రైలరును జూచి మాటాడుట తప్పని నేననను. డబ్బు పెట్టి చూడబోవువానికి అడుగు హక్కు కలదు. సోనిక్ విషయమున అడిగినందువలననే మేలు కలిగినది. అయితే కంటికి కనబడిన పనిని గూర్చి చెప్పిన మాట వేఱు, కనబడని మనిషిని గూర్చి అనిన మాట వేఱు. మొదటిది విమర్శ, పనివాడు దానిని గ్రహించి దిద్దుకొనగలడు. రెండవది నింద, దానిని దిద్దుకొనుటకు కీటన్ తన పూర్వవేషములను మార్చుకొనలేడు, బెయిలీ తన మేనిరంగును మార్చుకొనలేదు.

మీ యింటి పిల్లవాడు రాబోవు చిత్రమేదో చెడ్డదని యఱచినపుడు, గద్దింపక, నీవు చూచినదేమి, నీవు విన్నదేమి యని యడుగుడు. పండ్లు బాగులేవని, నడక కుదరలేదని అతడు చెప్పెనేని, వానికి చూపు కలదని సంతోషింపుడు. అందఱు అనుచున్నారు కావున అంటినని చెప్పెనేని, ఆ బొమ్మ వెనుక బల్లముందు కూర్చుండి కన్నులు కాయలు కాచునట్లు గీసినవారు కొన్ని వందలమంది యుందురని ఒక్కమాట తెలియజెప్పుడు. పిమ్మట అతడు ఏమనునో అది యతని యిష్టము.