మన సరిహద్దులో కనీస వేతనము: దాని చరిత్ర

ఉగాదినాడు పంచాంగ శ్రవణములో ఆదాయ వ్యయములు వినుట మనకు తరతరాల ఆచారము. ఏ రాశివారికి ఆదాయమెంతయో పంచాంగము చెప్పును. కాని కూలి చేసుకొని బ్రతుకువానికి ఆ ఆదాయము ఎంతకు తగ్గరాదో చెప్పునది ప్రభుత్వపు నోటిఫికేషను. ఆ నోటిఫికేషనును ఏ ప్రభుత్వమువారు ఇత్తురు, ఒకే ఊరిలో ఇద్దరు కూలీలకు రెండు రేట్లు ఎందులకు వచ్చును అను సంగతిని ఈ సంచిక పాఠకుల ముందుంచ దలచినాము. మేము రైల్వేలో గుమాస్తా పని చేయువారము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. న్యాయశాస్త్ర పాండిత్యము మాకు లేదు. కాని మస్టరు రోళ్లు, కూలి చీటీలు చూచు పనిలో ఈ ప్రశ్న మాకు తరచుగా ఎదురగుచున్నది.

తెక్కలకోట పాలకులు

తెక్కలకోట కొండలపై రాతియుగపు మానవులు నివసించిన ఆనవాళ్లు 1963-64 తవ్వకములలో బయటపడినవి. అంత పాత ఊరికి పాలకులు మాత్రము పలుమార్లు మారిరి. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. నాటినుండి బళ్లారి జిల్లా మద్రాసు ప్రభుత్వము క్రింద నుండెను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు జిల్లాను విభజించిరి. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి. సిరుగుప్ప, బళ్లారి, హోస్పేట మొదలగు 7 తాలూకాలు మైసూరులో చేరినవి. తెక్కలకోట సిరుగుప్ప తాలూకాలోనిది గనుక మైసూరుకు పోయినది. 1973 నవంబరు 1న ఆ రాష్ట్రమునకే కర్ణాటక యని పేరు వచ్చినది.

తుంగభద్ర కాలువ నీరు పారిన పిమ్మట తెలుగు రైతు కుటుంబములు ఈ ప్రాంతమునకు వచ్చి క్యాంపులు కట్టుకొనినవి. రైతుల వెనుక కూలీలు, మేస్త్రీలు, హమాలీలు వచ్చిరి. రైసు మిల్లులు లేచినవి.

1953లో జరిగిన మార్పును ఇక్కడ గమనించవలెను. నాటికి కనీస వేతన చట్టము దేశములో అమలులోనున్నది. సరిహద్దు గీయబడినందున చట్టము మారలేదు. రేటు నిర్ణయించు ప్రభుత్వము మాత్రము మారినది. అంతకు ముందు ఆదోని కూలికిని, సిరుగుప్ప కూలికిని మద్రాసు ఒక్కటే దిక్కు. తరువాత ఒకనికి ఆంధ్ర ప్రభుత్వము, మరియొకనికి మైసూరు ప్రభుత్వము రేటు చెప్పవలసినవారైరి.

చట్టము పుట్టుక

కూలికి అడుగు హద్దు ఉండవలెనను ఆలోచన మొదట న్యూజీలండులో 1894లోను, ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1896లోను చట్టరూపము దాల్చెను. 1928లో అంతర్జాతీయ కార్మిక సంస్థ దీనిపై ఒక ఒడంబడిక చేసెను. మన దేశములో డాక్టరు అంబేద్కరు వైస్రాయి కౌన్సిలులో కార్మిక శాఖ చూచుచుండగా 1946లో బిల్లు ప్రవేశపెట్టబడినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948 మార్చి 15న అది చట్టమైనది.

ఆ చట్టము తానుగా ఏ రేటునూ చెప్పలేదు. పనుల జాబితా నిచ్చి, రేటు నిర్ణయించు బాధ్యతను ‘తగిన ప్రభుత్వము’నకు అప్పగించినది. రైల్వేలు, గనులు, చమురు క్షేత్రములు, పెద్ద ఓడరేవులు, కేంద్ర ప్రభుత్వపు పనులు, ఇవి కేంద్రమువి. తక్కినవన్నియు రాష్ట్రములవి. వ్యవసాయము, రైసు మిల్లు, బీడీ, నూనె మిల్లు, రోడ్డు మోటారు రవాణా మొదలగునవి రాష్ట్రపు వాటాలోనికి వచ్చినవి.

మన జిల్లాలో దీని ఫలితమును ఒక్క ఇంటిలోనే చూడవచ్చును. అన్న సండూరు ఇనుప గనిలో పనిచేయును. అతనికి కేంద్రపు రేటు. తమ్ముడు రైసు మిల్లులో బస్తాలు మోయును. అతనికి రాష్ట్రపు రేటు. బావమరది రైల్వే గూడ్సు షెడ్డులో కాంట్రాక్టరు క్రింద బస్తాలే మోయును. అతనికి మరల కేంద్రపు రేటు. బస్తా బరువు ఒక్కటే, మోయు భుజము అటువంటిదే. బస్తా దించిన చోటును బట్టి కూలి మారును.

వ్యవసాయ కూలీల విషయములో ఆలస్యము ఎక్కువగా జరిగినది. చట్టములో మూడేండ్లు గడువు పెట్టి, దానిని పలుమార్లు పొడిగించిరి. ఎక్కువమంది బ్రతుకు ఆధారపడిన పనికే రేటు వెనుకబడినది.

ఎంత ఇచ్చిన చాలును?

1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ దీనికొక లెక్క చెప్పినది. కుటుంబమును మూడు వినియోగ ప్రమాణములుగా ఎంచి, ఒక్కొక్కరికి 2,700 క్యాలరీల ఆహారము, నలుగురికి కలిపి ఏటికి 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపము వగైరాలకు మొత్తములో 20 శాతము అని నిర్ణయించిరి. 1991లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో పిల్లల చదువు, వైద్యము, పండుగలు, వృద్ధాప్యము మొదలగువాటికి మరి 25 శాతము చేర్చవలెననెను. పండుగను కూడ లెక్కలో చేర్చినందుకు ఉగాదినాడు ఆ న్యాయమూర్తులను తలచుకొనుట తగును.

లెక్క ఒక్కటే యైనను ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రము తన ఇష్టమును బట్టి రేటు ప్రకటించుచు వచ్చెను. అయిదేండ్లకొకసారి తప్పక సమీక్షింపవలెనని చట్టమున్నను ఆ గడువు పాటింపబడని సందర్భములు మెండు. ఈ వ్యత్యాసములు తగ్గింపవలెనని 1996లో కేంద్రము రోజుకు రూ. 35 జాతీయ కనీస మట్టముగా ప్రకటించెను. అది 2017 నాటికి రూ. 176 అయినది. కాని దానికి చట్టబలము లేదు. అది సలహా మాత్రమే. మరొకవైపు, కేంద్రము తన అధీనములోని నిర్మాణము, పారిశుద్ధ్యము, ఎగుమతి దిగుమతి హమాలీ పనులకు పెద్ద నగరములలో నైపుణ్యము లేని కూలికి 2024 అక్టోబరు నుండి రోజుకు రూ. 783 నిర్ణయించెను. సలహా రేటుకును, కేంద్రము తన కాంట్రాక్టరులను ఇమ్మనిన రేటుకును ఎంత దూరమున్నదో పాఠకులే చూతురుగాక.

ఉపాధి హామీ తగవు

రెండు ప్రభుత్వముల నడుమ తగవు మిక్కిలి స్పష్టముగా బయటపడినది ఉపాధి హామీ పనులలో. 2005 నాటి ఆ చట్టము, కనీస వేతన చట్టముతో నిమిత్తము లేకుండ కేంద్రము వేరుగా కూలి నిర్ణయింపవచ్చునని చెప్పినది. 2009 జనవరి 1న కేంద్రము అట్లే చేసెను. కొన్ని రాష్ట్రములలో వ్యవసాయ కనీస కూలి అంతకంటె ఎక్కువగా నుండుటచే కూలీలు నష్టపడిరి. 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఉత్తరువును తాత్కాలికముగా నిలిపివేసెను. 2011 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు రాష్ట్రపు కనీస వేతనమునకు తగ్గరాదని తీర్పు చెప్పెను. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చుటకు నిరాకరించినది. ఈ విషయములో మన సరిహద్దుకు రెండు వైపుల హైకోర్టులును కూలివాని పక్షముననే పలికినవి.

అయినను అంతరము పెరుగుచునే వచ్చినది. 2011 ఆరంభమున కర్ణాటకలో ఉపాధి కూలి రూ. 125, ఆంధ్రలో రూ. 121; తేడా నాలుగు రూపాయలు. 2025-26లో కర్ణాటకలో రూ. 370, ఆంధ్రలో రూ. 307, తేడా అరువదిమూడు రూపాయలు. ఆ యా రాష్ట్రముల వ్యవసాయ కార్మికుల ధరల సూచికను అనుసరించి రేటు పెంచుటయే దీనికి ముఖ్య కారణము. 1953కు ముందు ఒకే జిల్లాగా నున్న ఆలూరు, సిరుగుప్పలలో చెరువు మట్టి తవ్విన చేతులకు ఇంత తేడా వచ్చినది.

ఇతర దేశములు, కొత్త చట్టము

అమెరికాలో మన పిల్లలు కొందరున్నారు గనుక అక్కడి పద్ధతి కూడ చెప్పుదుము. అక్కడ కేంద్ర చట్టము 1938లో గంటకు 25 సెంట్లతో ఆరంభమై, 2009లో 7 డాలర్ల 25 సెంట్లకు చేరినది. కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో 16 డాలర్లు చేసినది. ఒకే పనివానికి రెండు చట్టములును వర్తించునప్పుడు ఏది ఎక్కువయో అది ఇయ్యవలెను. మన పద్ధతి వేరు. ఇచ్చట పనిని బట్టి ఏదో యొక ప్రభుత్వపు రేటు మాత్రమే వర్తించును.

మన పార్లమెంటు 2019లో వేతనముల కోడు ఆమోదించినది. 2025 నవంబరు 21 నుండి అది అమలులోనికి వచ్చినట్లు కేంద్రము ప్రకటించెను. ఇందులో రెండు మేళ్లున్నవి. జాబితాలో పేరు లేని పనికి కూడ కనీస వేతనము వర్తించును. కేంద్రము నిర్ణయించు మట్టపు వేతనమునకు ఏ రాష్ట్రమును తగ్గరాదు. అంతకు ముందే ఎక్కువ ఇచ్చుచున్న రాష్ట్రము దానిని తగ్గింపరాదు. కాని రైల్వే, గనులు కేంద్రమునకు, తక్కినవి రాష్ట్రమునకు అను విభజన మాత్రము అట్లే యున్నది.

మన కర్తవ్యము

మా ఎరుకలో ఒక స్టేషనున కాంట్రాక్టరు క్రింద ఊడ్చు స్త్రీలు కూలి తక్కువని అడిగినప్పుడు, ‘గవర్నమెంటు రేటే ఇచ్చుచున్నాము గదా’ అని మేస్త్రి చెప్పుచుండెను. అది అబద్ధము కాదు. గవర్నమెంటు రేటే, కాని వేరొక గవర్నమెంటుది. వారిలో చదువు వచ్చిన ఒకామె గోడమీది కాగితము చదివి, ‘మాది రైల్వే పని గదా, రాష్ట్రపు రేటు మాకెందుకు?’ అని అడిగిన పిదప, ఆ మరుసటి నెలనుండి రేటు మారినది. వెనుకటి బకాయి మాత్రము రాలేదు.

కనుక మనవారు ఎవరైనను కూలికి కుదురునప్పుడు ఎంతయని అడుగుటతోబాటు, ఈ పనికి రేటు చెప్పునది కేంద్రమా, రాష్ట్రమా అనియు అడుగవలెను. తక్కువకు ఒప్పుకొని వేలిముద్ర వేసినను ఆ ఒప్పందము చెల్లదని 1948 చట్టమే చెప్పినది. కనీస వేతనమునకు తగ్గించి పని చేయించుకొనుట బలవంతపు చాకిరీయే యని సుప్రీంకోర్టు 1982లో, 1983లో తీర్పులు చెప్పినది. ఇక్కడి ఆఫీసులలో బోర్డులు కన్నడములో నుండును. ‘కనిష్ఠ వేతన’ యని కనబడినచో అది మన కనీస వేతనమే. చదువుకొనిన మన పిల్లలు దానిని పెద్దలకు చదివి చెప్పవలెను.

మరియొక మాట. మనలో కూలి పుచ్చుకొనువారే కాక ఇచ్చువారును గలరు. నాట్లకు, కోతలకు, మిల్లులకు కూలీలను పిలుచువారు మనవారే. పొరుగు రాష్ట్రమునకు వచ్చి స్థిరపడినవారికి మర్యాద తెచ్చునది సంఘభవనము కాదు, పండుగ కాదు. శనివారము సాయంత్రము కూలీ చేతిలో పడిన సరియైన లెక్క. ఆ కూలీ తెలుగువాడైనను కన్నడిగుడైనను మనకు సమానమే. ఉగాది ఇరువురిదిని గదా.

ఈ కొత్త సంవత్సరము ఇచ్చువారికిని పుచ్చుకొనువారికిని వ్యయము కంటె ఆదాయము అధికముగా నిచ్చుగాక యని కోరుచున్నాము.