కాయితమెక్కని మాట

సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్‌లో దిగి బజారు దాకా నడిస్తే చాలు, తెలుగు, ఉర్దూ, మరాఠీ చెవిన పడతాయి. అంగడి రోజైతే గోండి కూడా. ఈస్‌గాం వైపు పోతే బెంగాలీ. తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులై వచ్చినవాళ్లకు అక్కడ ఊళ్లు కట్టించారు. వాటిలో ఒకటి కవి నజ్రుల్ పేరు మోస్తున్న నజ్రుల్‌నగర్.

ఈ పట్నం పాత పేరు కొత్తపేట. నిజాం ఏలుబడిలో 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు పెట్టారు. 1942లో ఉత్పత్తి మొదలైంది. ఊరు కాగజ్‌నగర్ అయింది. కాగజ్ అనే పారసీక మాట మాత్రం మిల్లు కంటే ఎంతో ముందే మన దగ్గరికి వచ్చింది. తాటాకు మీద గంటంతో రాసుకునే మనకు ఆ వస్తువు కొత్త, అందుకే పేరును కూడా వెంట తెచ్చుకుంది. మరాఠీలో కాగద్, తెలుగులో కాగితం, ఇక్కడి జనం నోట కాయితం. అర్జీ, పట్టా, పహాణీ, ఫైసలా కూడా ఇట్లాగే కచేరీ మెట్లు దిగి ఇళ్లలోకి వచ్చాయి. భూమి ఎవరిదో తేల్చే మాటలు కదా, రైతు నేర్చుకోక తప్పలేదు.

అప్పటి తెలుగులా కచేరీకెక్కని భాషకు సభలోనూ చోటు ఉండదు. 1921లో హైదరాబాద్‌లో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే తెలుగు కోసం నిలబడ్డ ఆంధ్రజన సంఘం పుట్టింది. ఆ పట్టుదలను మనం ఇవాళ్టికీ గర్వంగా తలుచుకుంటాం. అయితే మనకు జరిగినందుకు అంత నొచ్చుకున్న మనం, పక్కనే ఉన్న గోండి సంగతి పట్టించుకున్నామా?

గోండి మనకు పరాయి కాదు. రండ్, ముండ్, నాలుంగ్ అని లెక్కపెడుతుంటే రెండు, మూడు, నాలుగు వినిపించడం లేదా? ద్రావిడ భాషల్లో తెలుగు, గోండి ఒకే కొమ్మకు చెందినవి. తమిళం, కన్నడం కంటే ఇదే మనకు దగ్గరి చుట్టం.

నిజాం సర్కారు మీద తిరగబడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన గోండు వీరుడు కుమ్రం భీం పేరు మీద నిలిచిన నినాదం జల్, జంగల్, జమీన్. అవి గోండు ఇంట్లో పుట్టిన మాటలు కావు. సర్కారుకు తెలిసిన మాటలు. తన అడవిని అడగడానికి కూడా ఏలినవాళ్ల భాష వెతుక్కోవాల్సి వచ్చిందే అని నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

ఆ తిరుగుబాటు తర్వాత ఈ అడవులకు వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, చదువు రాకనే గోండులు భూములు పోగొట్టుకుంటున్నారని గుర్తించాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. పిల్లలు తమ మాటను మొదటిసారి అచ్చులో చూసుకున్నారు.

1956లో భాషల లెక్కన రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు తెలుగుకు, మరాఠీకి హద్దులు గీశారు. ఆదిలాబాద్ జిల్లాలోని రాజురా, కిన్వట్ ప్రాంతాలు బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. గోండికి రాష్ట్రం రాలేదు. ఆ గీతలతో గోండులు రాష్ట్రానికి కొందరయ్యారు. ఇక్కడి పిల్లలు తెలుగులో, అటువైపు పిల్లలు మరాఠీలో చదువుకున్నారు. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 30 లక్షల మంది తమ భాష గోండి అని రాయించుకున్నారు. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో దానికి ఇంకా చోటు దక్కలేదు.

రాత లేని భాష కదా అనేవాళ్లకు నార్నూర్ మండలంలోని గుంజాల జవాబు చెప్పింది. అక్కడి ఇళ్లలో భద్రంగా దాచుకున్న గోండి రాతప్రతులు పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు బృందం కృషితో వెలుగు చూశాయి. ఆ అక్షరాలు చదవగల పెద్దలు అప్పటికి ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరే పిల్లలు ఓనమాలు దిద్దారు.

గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. 2014లో మూతపడ్డ కాగజ్‌నగర్ మిల్లు కూడా అదే ఏడు మళ్లీ తెరుచుకుంది. ఏళ్ల తరబడి గోండుల అడవుల వెదురుతో కాయితం చేసిన మిల్లు అది. ఆ కాయితం మీద గుంజాల అక్షరాలతో ఒక వాచకం అచ్చయి, జోడేఘాట్ బడి పిల్లల చేతికి అందిన రోజు చూడాలని ఉంది.