పొరుగువాఁ డెవఁడు? : ఆరోగ్యవర చరిత్రము

చిత్తూరుసీమలోని పాకాల చిన్నయూరు. అయినను రైలుమార్గములు గూడుచోటగుటచేత దూరదేశములవారికిని దాని పేరు పరిచితమైనది. కాట్పాడినుండి చిత్తూరుమీఁదుగా వచ్చు త్రోవ యిచట రెండుగాఁ జీలును. ఒకటి తిరుపతికిఁ బోవును. రెండవది పీలేరు, మదనపల్లె రోడ్డు, కదిరి మీఁదుగా ధర్మవరము చేరును. ఈ రెండవ మార్గము 19వ శతాబ్దపుఁ దుదిదశకమున మీటరుగేజిగా నిర్మింపఁబడి, పిదప బ్రాడ్‌గేజిగా మార్పఁబడినది. మొదటి త్రోవను బోవువారిలోఁ బెక్కురు శ్రీనివాసుని సేవింపఁగోరు యాత్రికులు. రెండవ త్రోవను బోయినవారిలో, 20వ శతాబ్దపు పూర్వార్ధమున, తమ యిరుగుపొరుగువారు సయితము దరిఁజేర వెఱచిన క్షయరోగులును గలరు. వారి గమ్యస్థానము మదనపల్లెకు సమీపమందలి ఆరోగ్యవరము. ఈ రెండవ యాత్ర చరిత్రమును, దానివెనుక నున్న విశ్వాసమును విచారించుట యీ వ్యాసమునకు విషయము.

మొదట నామవిచారము. అరోగుని భావ మారోగ్యము. భావార్థమున ష్యఞ్ ప్రత్యయము వచ్చి యాదివృద్ధి కలిగినది. ఇందు సందేహము లేదు. ఉత్తరపదమునందే సందేహము. తెలుఁగు గ్రామనామముల తుదనుండు ‘వరము’ పెక్కుచోట్ల ‘పుర’శబ్దపు వికృతి యని భాషావేత్తలు చెప్పుదురు. పకారము వకారమగుట మన భాషకుఁ గ్రొత్తగాదు. అట్లైన నారోగ్యవర మనఁగా నారోగ్యపురము. వరశబ్దమును దత్సమముగాఁ గైకొన్నచో నారోగ్యమను వరము. మొదటి యర్థమున నది మనుష్యులు గట్టినది. రెండవ యర్థమున దేవుఁ డొసఁగినది. ఇందేది గ్రాహ్యమో శబ్దశాస్త్రమొక్కటియే తేల్పఁజాలదు, చరిత్రమును జూడవలయును.

అమెరికాదేశపు రిఫార్మ్‌డ్ సంఘమునకుఁ జెందిన ఆర్కాటు మిషనును 1853లో స్కడ్డరు సోదరులు స్థాపించిరి. 1863లో ఆ మిషనువాఁడగు జేకబ్ చేంబర్లేన్ మదనపల్లె చేరెను. ఆయన బోధకుఁడును వైద్యుఁడును. తెలుఁగు చక్కఁగా నేర్చి, తెలుఁగు బైబిలు సంస్కరణమునఁ బాల్గొని, 1908లో మృతినొందువఱకు నీ దేశముతోడి సంబంధమును విడువలేదు. మదనపల్లె నాఁడు కడపజిల్లాలోనిది. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడినపుడు దానిఁ జేరినది.

ఆ స్కడ్డరు వంశమునఁ బుట్టిన ఐడా స్కడ్డరు వృత్తాంత మిచట స్మరింపఁదగినది. ఆమె యౌవనమునఁ దిండివనములోఁ దండ్రియొద్ద నుండఁగా, ఒక్కరాత్రియే ముగ్గురు గృహస్థులు వేర్వేఱుగా వచ్చి, ప్రసవవేదనపడుచున్న తమ భార్యలఁ గాపాడుమని యామెను వేఁడిరి. వారిలో నొకఁడు బ్రాహ్మణుఁడు, ఒకఁడు మహమ్మదీయుఁడు. వైద్యుఁడగు నామె తండ్రి సిద్ధముగా నున్నను, పురుషుఁడగుటచే నతని నంగీకరింపరైరి. ఆమెకు వైద్యము రాదు. తెల్లవాఱునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆ రాత్రియే యామె జీవితమార్గమును నిర్ణయించినది. స్వదేశమునకుఁ బోయి వైద్యవిద్య నభ్యసించి, 1899లోఁ బట్టము పొంది, 1900లో వేలూరు చేరి, 1902లో స్త్రీలకొఱ కాసుపత్రిని, 1918లో స్త్రీలకే వైద్యపాఠశాలను నెలకొల్పెను. పాకాలనుండి కాట్పాడిత్రోవను బోయినవారికి వేలూరు దూరముగాదు. ఈ విధముగాఁ బాకాలకు దక్షిణమున వేలూరు, పడమట మదనపల్లె, రెండును రోగార్తుల కాశ్రయములైనవి.

క్షయరోగుల చికిత్సాలయము డెన్మార్కుదేశీయుఁడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొడ్ట్ మోలరు నాయకత్వమున 1915లో వెలసినది. దానికి యూనియన్ మిషన్ క్షయ చికిత్సాలయ మని పేరు. యూనియన్ పదము నిరర్థకము గాదు. వేర్వేఱు దేశములకును వేర్వేఱు సంఘములకును జెందిన మిషనులు గలసి నడపిన సంస్థ యగుటచే నా పేరు గలిగినది. సిద్ధాంతములయందు భేదించినవారు రోగి మంచమునొద్ద నేకీభవించిరి.

ఇంక నీ పనికి మూలమైన విశ్వాసమును విచారింతము. లూకా వ్రాసిన సువార్తలో నొక యుపకథ గలదు. ధర్మశాస్త్రజ్ఞుఁ డొకఁడు తన పొరుగువాఁ డెవఁడని యేసు నడిగెను. దానికిఁ బ్రత్యుత్తరముగా నాయన యొక కథ చెప్పెను. యెరూషలేమునుండి యెరికోకుఁ బోవువానిని దొంగలు గొట్టి కొనప్రాణముతో విడిచిరి. యాజకుఁడును లేవీయుఁడును జూచి తొలఁగిపోయిరి. యూదులకు హీనుఁడైన సమరయుఁడు గాయములు గట్టి, తన వాహనముపై నెక్కించుకొని, సత్రమునకుఁ గొనిపోయి, వెచ్చమునకు రెండు దేనారములిచ్చెను. పిదప ముగ్గురిలో నెవఁడు పొరుగువాఁ డాయెనని యేసు ప్రశ్నించెను.

వ్యాకరణము చదివినవారి కిచట నొక విశేషము గోచరించును. శాస్త్రజ్ఞుఁ డడిగినది కర్మనుగూర్చి: నేను ప్రేమింపవలసిన పొరుగువాఁ డెవఁడని. యేసు చూపినది కర్తను: పొరుగువాఁడుగా మెలఁగినవాఁ డెవఁడని. సంస్కృతమునఁ బ్రతివేశి యనఁగా సమీపగృహమున నుండువాఁడు. మన పొరుగుశబ్దమునకును నిదియే యర్థము. ఆ యర్థమున గోడ ప్రధానము. కథలోఁ గ్రియ ప్రధానము. మఱియు, ఉపకారము త్రోవలోనే ముగియలేదు, సత్రమువఱకు సాగినది. ఆరోగ్యవర మట్టి సత్రమే.

ఇచట నొక కఠినప్రశ్న యున్నది. కోఖు క్షయక్రిమిని 1882లోనే కనుఁగొన్నను, దానిఁ జంపు స్ట్రెప్టోమైసిన్ 1943వఱకుఁ దెలియలేదు. ఆరోగ్యవరపు మొదటి మూఁడు దశకములలో వైద్యుని చేతనున్నవి విశ్రాంతి, పుష్టికరాహారము, నిర్మలవాయువు, కొన్నియెడల శస్త్రచికిత్స. కోలుకొన్నవారుండిరి, మరణించినవారును నుండిరి. రోగము తమ కంటునను భయము సేవకులకు నిత్యము గలదు. ఫలము నిశ్చయముగాని యిట్టి పనిలో నానందమెట్లు?

మన శాస్త్రమునుండియే యుత్తరము చెప్పుదును. కృఞ్ ధాతు వుభయపది. క్రియాఫలము పరునకుఁ జెందునపుడు పరస్మైపదము, కర్తకే చెందునపు డాత్మనేపదము. పరోపకారము పరస్మైపదమని యందఱు నెఱుఁగుదురు. కాని సేవించినవాని హృదయమునఁ బుట్టు సంతోష మాత్మనేపదఫలము. దానికి రోగి బ్రదుకుట నిమిత్తముగాదు. విడువఁబడినవాని ప్రక్కను గూర్చుండుటయే నిమిత్తము. పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలోఁ బ్రీతితో నిచ్చుటనుగూర్చి చేసిన బోధకుఁ దాత్పర్య మిదియే. సణుఁగుచు నిచ్చినది పన్ను. సంతోషముతో నిచ్చినది కానుక.

ఇట్టి యుపకారము మతప్రచారమునకుఁ బన్నిన వల యని యాక్షేపించువారు గలరు. సువార్తను బ్రకటించుట తమ యుద్దేశమని మిషనులు దాఁపరికములేక చెప్పుకొన్నవి గావున నీ యాక్షేపమును ద్రోసివేయరాదు. అయినను దానికి గీటురాయి యా కథలోనే యున్నది. గాయపడినవానిని సమరయుఁడు తన మతమున జేరుమనలేదు, కులము నడుగలేదు, కృతజ్ఞతనైనఁ గోరలేదు. ఆ కథను నమ్మినవారు దానిచేతనే పరీక్షింపఁబడవలయును. వైదికసంప్రదాయమునఁ బెరిగిన నేను మఱియొకటియు నొప్పుకొనవలయును. ఆ కథలోఁ దొలఁగిపోయినవారు శాస్త్రమెఱిఁగిన యాజకాదులు. దానిఁ జదువునపుడెల్ల నా యుపహాసము పరుల కని నేను దప్పించుకొనఁజాలను.

తరువాతి చరిత్రము సంక్షేపముగాఁ జెప్పెదను. 1950 మొదలు డాక్టరు జోహన్నెస్ ఫ్రిమొడ్ట్ మోలరు మదనపల్లె పరిసరములందు బి.సి.జి. టీకాఫలమును బరీక్షించెను. 1956లో మదరాసునఁ బ్రారంభమైన పరిశోధనమువలన, మందులు క్రమముగా వాడినచో నింటనుండియే క్షయ కుదురునని 1959లో వెల్లడియైనది. అంతట రోగిని దూరమునకుఁ బంపుట యవసరము దప్పినది. ఆరోగ్యవరము సర్వరోగముల వైద్యకేంద్రముగా మాఱినది. సత్రమునకుఁ బోయిన సేవ మరల వీథికి వచ్చినది. మందు మ్రింగించుట, భయపడక పలుకరించుట యిపుడు పొరుగింటివాని వంతు.

నామవిచారమునకు మరల వత్తము. కట్టినవారిని జూచిన నది పురము. కోలుకొని పాకాల దారిని దిరిగివచ్చినవానిని జూచిన నది వరము. సేవించినవారికిఁ గలిగిన సంతోషమును జూచితిమేని రెండర్థములు నొక్కటియే యగును.