కుర్సీ రెండేళ్లే, ఖిద్మత్ జిందగీ అంతా

అలీ యావర్ జంగ్ పేరు మనలో చాలామంది విన్నదే. ఉస్మానియా యూనివర్సిటీ వైస్ చాన్సలర్‌గా, రాయబారిగా, మహారాష్ట్ర గవర్నర్‌గా పనిచేశారు. చెవులు వినిపించని పిల్లల్ని తీసుకుని సికింద్రాబాద్ వెళ్లే అమ్మీలు, అబ్బాలు ఆయన పేరున్న సంస్థ గేటులోంచే లోపలికి వెళ్తారు. మరి ఆయన ఆపా పేరేమిటని అడిగితే చెప్పగలిగేవాళ్లు ఎంతమంది?

ఆమె పేరు మాసూమా బేగం. 1901లో హైదరాబాద్‌లో పుట్టారు. తాలీమ్ ఆ ఖాందాన్‌కు కొత్త కాదు. అమ్మమ్మ ఇంటి తాత ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ నిజాం హుకూమత్‌లో విద్యాశాఖ నడిపిన పెద్దమనిషి. అమ్మీ తయ్యబా బేగం మద్రాసు యూనివర్సిటీ నుంచి బీఏ పట్టా తీసుకున్నారు. ఆడపిల్ల గడప దాటితేనే ఖాందాన్ ఇజ్జత్ పోయిందనుకునే జమానా అది! మాసూమా మహబూబియా స్కూల్‌లో చదువుకున్నారు.

తయ్యబా బేగం ఖవాతీన్ కోసం ఒక అంజుమన్ నడిపేవారు. ఆమె ఇంతేకాల్ తర్వాత ఆ జిమ్మేదారీ కూతురి మీద పడింది. అప్పటికి మాసూమాకు ఇరవై ఏళ్ల వయసు. జీతం లేదు, ఓహ్‌దా లేదు. పర్దాలో ఉన్న ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం, చదువు గురించి, ఆరోగ్యం గురించి మాట్లాడించడం, ఇదే పని.

1927లో పూణేలో అఖిల భారత మహిళా సదస్సు మొదలైంది. ఆడపిల్లల చదువు దాని మొదటి మాట. చదువు ఆగిపోవడానికి చిన్న వయసు పెళ్లిళ్లే కారణమని వెంటనే అర్థమై, ఆ పోరాటమూ ఎత్తుకుంది. 1929లో ఆడపిల్ల పెళ్లి వయసును 14 ఏళ్లుగా పెట్టిన శారదా చట్టం వెనక ఆ ఖవాతీన్ మెహనత్ కూడా ఉంది. ఆ సదస్సు హైదరాబాద్ శాఖలో మాసూమా బేగం ఏళ్ల తరబడి పనిచేశారు. హిందూ, ముస్లిం, పార్సీ, క్రైస్తవ ఆడవాళ్లు ఒకే చాప మీద కూర్చుని మాట్లాడుకున్న మజ్లిస్‌లు అవి.

తర్వాత 1952 ఎన్నికలు వచ్చాయి. దేశంలో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లను ఓటర్ల జాబితాలోంచి కొట్టేశారు. కారణం వింటే దిల్ కలుక్కుమంటుంది. వాళ్లు సొంత పేరు చెప్పలేదు, 'ఫలానా వాళ్ల భార్యను', 'ఫలానా వాళ్ల బిడ్డను' అని మాత్రమే రాయించుకున్నారు. ఆ ఎన్నికల్లోనే మాసూమా బేగం సొంత పేరుతో షాలిబండ నుంచి కాంగ్రెస్ తరఫున నిలబడి గెలిచారు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఖౌమ్ గుండెల్లో ఖౌఫ్ ఇంకా ఆరని రోజులవి. అప్పుడు ఒక ముస్లిం బీబీ ఓటు అడగడానికి ఎంత హిమ్మత్ కావాలో ఆలోచించండి.

1957లో పత్తర్‌గట్టీ నుంచి మళ్లీ గెలిచారు. 1960లో దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయ్యాక ఆమెను వజీర్‌ను చేశారు. మన ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయిన మొదటి ముస్లిం మహిళ ఆమె. 1962లో అదే పత్తర్‌గట్టీలో సలావుద్దీన్ ఒవైసీ చేతిలో ఓడిపోయారు. కుర్సీ రెండేళ్లలోనే పోయింది.

ఖిద్మత్ మాత్రం ఆగలేదు. ఆ తర్వాత అదే మహిళా సదస్సుకు దేశం మొత్తానికీ సదర్‌గా పనిచేశారు. 1974లో పద్మశ్రీ వచ్చింది. అంటే కుర్సీ పోయిన 12 ఏళ్లకు! 1990లో కన్నుమూశారు. ఇరవయ్యో ఏట మొదలుపెట్టిన పనికి కుర్సీ వచ్చింది నలభై ఏళ్లకు. అది పోయాక ఇంకో 28 ఏళ్లు బతికారు. పదవి ఆమె జిందగీలో ఒక మజిలీ, అంతే.

ఇదంతా హైదరాబాద్ నవాబుల ఇళ్ల కథ, మన పొన్నూరు పొలాలకు దీనితో ఏం వాస్తా అనుకోకండి. మన మొహల్లాల్లోనూ ఇలాంటి ఆడవాళ్లు ఉన్నారు. ఆడవాళ్ల మయ్యత్‌కు గుసుల్ ఇచ్చి, కఫన్ తొడిగి, పైసా ముట్టకుండా వెళ్లిపోయే పెద్దమ్మలు ఉన్నారు. అసర్ తర్వాత వసారాలో పిల్లలకు ఖాయిదా చదివించే ఆపాలు, పింఛను కాగితాలు పట్టుకుని బేవాలతో ఆఫీసుల చుట్టూ తిరిగే ఖాలాలు ఉన్నారు. మనం వాళ్లను 'ఫలానా వాళ్ల అమ్మీ' అనే పిలుస్తాం. పేరు అడిగితే తడుముకుంటాం.

ఈ రోజు స్థానిక ఎన్నికల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. అయినా ఎన్నో ఊళ్లలో గెలిచిన బీబీ ఇంట్లో ఉంటుంది, మియా మీటింగ్‌లో మాట్లాడతాడు. మన ఆడపిల్లలకు ముందు కుర్సీ చూపించి లాభం లేదు. నలభై ఏళ్ల ఖిద్మత్ చూపించాలి. అది చూపించాలంటే చేసినవాళ్ల పేర్లు మన దగ్గర ఉండాలి.

అందుకే నేనొక నోట్‌బుక్ పెట్టుకున్నాను. మా మొహల్లాలో పెద్దవాళ్లను అడిగి, ఖిద్మత్ చేసిన ఆడవాళ్ల పేర్లు, వాళ్లు చేసిన పనులు రాసుకుంటున్నాను. పదకొండు పేర్లు అయ్యాయి. మీ నానీమా, దాదీమా అసలు పేరేమిటో, వాళ్లు ఎవరికి ఏం చేశారో ఈ జుమ్మా రోజు ఇంట్లో అడిగి రాసుకోండి. చెప్పగలిగినవాళ్లు హయాత్‌లో ఉండగానే అడగండి.