అర్ధరాత్రి అలర్టు పుట్టుక

అవతలి యంత్రం బతికుందో లేదో చూడటానికి ఇప్పటికీ అందరూ ముందు వాడేది పింగే. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనాలయంలో మైక్ మ్యూస్ తన నెట్‌వర్క్‌లో ఎదురైన చిక్కును ఛేదించడానికి దాన్ని రాశారు. అయితే పింగ్‌కు బదులు పలికిన యంత్రంలో వెబ్ సర్వర్ ఆగిపోయి ఉండవచ్చు. ఆ సంగతి అది చెప్పదు. 1988లో వచ్చిన ఎస్ఎన్ఎంపీ ప్రొటోకాల్‌తో రౌటర్లలోని లెక్కలను దూరం నుంచే చదవగలిగారు. టోబియాస్ ఓటికర్ పనిచేసిన చోట బయటి ప్రపంచంతో కలిపేది 64 కిలోబిట్ల లైను ఒక్కటే. అది ఎంత నిండుతోందో చూపడానికి ఆయన చేసిన ఎంఆర్‌టీజీ 1995లో విడుదలైంది. గ్రాఫులు బాగానే ఉండేవి, కాకపోతే వాటిని ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.

1999లో ఈథన్ గాల్‌స్టాడ్ ఆ కాపలా పనిని తానే చేసే నెట్‌సెయింట్ ప్రోగ్రామ్‌ను విడుదల చేశారు. ట్రేడ్‌మార్క్ చిక్కుల వల్ల 2002లో దాని పేరు నాగియోస్‌గా మారింది. పరీక్షలు చేసే పనిని అది చిన్న చిన్న ప్లగిన్లకు అప్పగించింది. ప్లగిన్ 0 ఇస్తే అంతా సవ్యం, 1 ఇస్తే హెచ్చరిక, 2 ఇస్తే ప్రమాదం, 3 ఇస్తే ఏమీ తేలలేదని అర్థం. ఇంత సులువైన ఒప్పందం కాబట్టే ఎవరికి కావలసిన ప్లగిన్ వాళ్లు రాసుకున్నారు.

నిజానికి వైఫల్యాన్ని పట్టుకోవడం కన్నా ఎప్పుడు ఊరుకోవాలో తేల్చడమే కష్టం. ఊరికే మోగే అలర్టుకు ‘నాన్నా పులి’ కథలో కుర్రాడి గతే పడుతుంది. అందుకే నాగియోస్ ఒక్క పరీక్ష తప్పగానే ఎవరినీ లేపదు. నిర్ణయించినన్ని సార్లు వరసగా తప్పితేనే కబురు పంపుతుంది. రౌటర్ పడిపోతే దాని వెనకున్న సర్వర్లను ‘చెడిపోయాయి’ అనకుండా ‘అందడం లేదు’ అని విడిగా గుర్తిస్తుంది. ఆగుతూ లేస్తూ ఉండే సర్వీసు విషయంలో చివరి 21 పరీక్షల ఫలితాలు చూసి, మార్పులు మితిమీరితే అలర్టులు ఆపేస్తుంది. ముందే చెప్పి చేసే మరమ్మతు వేళల్లోనూ అంతే.

నాగియోస్ బలహీనత కాన్ఫిగరేషన్ ఫైళ్లలో ఉంది. సర్వర్ల జాబితాను చేత్తో రాసుకోవాలి. క్లౌడ్‌లో సర్వర్లు నిమిషాల్లో పుట్టి పోవడం మొదలయ్యాక ఆ పద్ధతి సాగలేదు. 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో మొదలైన ప్రొమీథియస్ కొత్త యంత్రాలను తానే కనుగొని, వాటి నుంచి అంకెలను సేకరిస్తుంది. దాని జంట ప్రోగ్రామ్ అలర్ట్‌మేనేజర్ ఒకే కారణంతో వచ్చిన వందల అలర్టులను కలిపి ఒక్క సందేశంగా పంపుతుంది.