కోరంగి ఓడల సందుల్లో గుగ్గిలం

కాకినాడకు దక్షిణాన, గోదావరి సముద్రాన్ని చేరే పాయల దగ్గర, కోరంగి ఒకప్పుడు పేరుమోసిన రేవు. అక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవారు. ఎగువ అడవుల టేకు నది మీద తేలుతూ వచ్చేది. కానీ ఎంత మంచి టేకైనా పలకకూ పలకకూ మధ్య సందు తప్పదు. ఓడ మునగడానికి ఆ సందు చాలు. అందులో ఏం నింపాలన్నదే అసలు విద్య.

ఈ విద్య చాలా పాతది. మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కో పోలో, 13వ శతాబ్ది చివర్లో, ఈ సముద్రాల్లో తిరిగే ఓడలకు తారు వాడరని చెప్పాడు. సున్నమూ, సన్నగా తరిగిన నారా కలిపి దంచి, చెట్టు నూనెతో మెదిపి పూస్తారని, అది జిగురులా పట్టేస్తుందని రాశాడు. కారణం రసాయనంలో ఉంది. సున్నం నూనెలోని కొవ్వు ఆమ్లాలతో కలిసి నీటికి కరగని పదార్థంగా మారుతుంది. ఓడ అడుగున పూస్తే చెక్కను తొలిచే సముద్రపు పురుగునూ కొంతవరకు ఆపుతుంది.

ఇంకొకటి గుగ్గిలం. 1793లో కలకత్తా వెళ్లేదాకా సామర్లకోటలో మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, మన గుగ్గిలపు చెట్టు బంకను ఇండియా ఓడల కర్మాగారాల్లో తారుకు బదులు వాడతారని నమోదు చేశాడు. ఇళ్లలో ధూపం వేసే గుగ్గిలమే అది! విడిగా అయితే పెళుసు. కరిగించి నూనె కలిపితేనే చెక్కతోపాటు కదులుతుంది. చెక్క ఎండకు కుంచించుకుపోతుంది, నీటికి ఉబ్బుతుంది. కదలని పూత పగిలిపోతుంది.

ఇప్పుడు సర్క్యూట్ బోర్డుకు పాటింగ్ కాంపౌండ్ (తేమ తగలకుండా బోర్డు చుట్టూ పోసే పదార్థం) ఎంచుకునే ఇంజనీరూ ఏం నింపాలి, అది పగలకుండా ఉంటుందా అన్న ఈ ప్రశ్నలే వేసుకుంటాడు. ఎపాక్సీ గట్టిది, తేమను బాగా ఆపుతుంది; కానీ వేడికి వ్యాకోచించి టంకం అతుకులను లాగేయగలదు. పాలీయురేథేన్ మెత్తన. సిలికాన్ వేడికి తట్టుకుంటుంది, నీటి ఆవిరిని మాత్రం లోపలికి రానిస్తుంది. రొయ్యల చెరువు గట్టున, ఉప్పు గాలిలో పనిచేసే పరికరానికి ఇది చిన్న విషయం కాదు.

కోరంగి వైభవం నిలవలేదు. 1789 డిసెంబరులో తుపానుకు లేచిన మూడు పెద్ద అలలు ఊరిని ముంచెత్తాయి. 1839 నవంబరులో మరో తుపాను. పైగా మేట వేసిన పాయల్లోకి పెద్ద ఓడలు రాలేకపోయాయి. వ్యాపారం కాకినాడకు మళ్లింది.

పాత పూతకున్న ఒక గుణాన్ని మాత్రం బోర్డుల మీద పోసే ఎపాక్సీ అందుకోలేకపోయింది. సున్నం, నార, గుగ్గిలం పాడైతే ఉలితో పీకేసి మళ్లీ కూరేవారు, ఓడ బతికేది. ఎపాక్సీలో కూరుకుపోయిన బోర్డులో ఒక చిన్న భాగం చెడితే సాధారణంగా బోర్డు మొత్తం పారేయాల్సిందే. ఆ విషయంలో ఆ ఓడల వడ్రంగులే మెరుగైన ఇంజనీర్లు.

1980లలో ఆంధ్ర తీరానికి ఫైబర్ పడవలు వచ్చాయి. గాజు నారలో రెజిన్ పోసి చేసినవి. సర్క్యూట్ బోర్డు పలక కూడా ఇదే కుటుంబం. అయితే పడవకు పగులొస్తే జాలర్లు పారేయరు. ఆ చోటు గీకి, ఎండబెట్టి, గాజు గుడ్డ పరచి, మళ్లీ రెజిన్ పూసి వేటకు తీసుకుపోతారు.