సైకిలు పందెము - అభిమాని సంశయము

1903లో ఫ్రాన్సు దేశమున ఆరంభమైన టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెమునందు ఉత్తేజకౌషధ సేవనము చిరకాలముగా నున్నదే. 1924లోనే పందెగాండ్రైన పెలిసియే సోదరులు తాము కొకెయిను, క్లోరోఫారము, మాత్రల బలమున సాగుచున్నామని ఆల్బేర్ లోంద్ర్ అను పత్రికా రచయితకు బాహాటముగా చెప్పిరి. 1967 జూలై 13న ఆ పందెముననే మోఁ వాంతూ పర్వతము నెక్కుచు టామ్ సింప్సన్ అను ఆంగ్లేయుడు కుప్పకూలి మరణింపగా, ఆతని దేహమున ఆంఫిటమినులు కనబడెను. 1998లో ఫెస్టినా జట్టు వాహనమున నిషిద్ధౌషధములు పట్టుబడిన పిమ్మట, 1999 మొదలు 2005 వరకు వరుసగా ఏడుమారులు జయించిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగును, క్యాన్సరును గెలిచిన ధీరుడని లోకము నమ్మి కొనియాడెను; 2012లో ఆ విజయములన్నియు రద్దుకాగా, మరుసటి యేడు ఆతడే నేర మంగీకరించెను. పలుమారులు వంచితుడైన అభిమాని నేడు ప్రతి విజేతను శంకించుచున్నాడన్నచో అది ద్వేషమని నిందించుట అన్యాయము. ఆ శంకను తీర్పవలసిన భారము క్రీడను నడపువారిదే.